టీవీ చూస్తే బయటపడే దెబ్బ

టీ వచ్చేలోగా ఒక చిన్న పని చేసి చూడండి. తల కదపకుండా, ఎదురుగోడ మీద ఈ మూల నుంచి ఆ మూలకి చూపుని మెల్లగా జరపండి. జరిపేశాననుకుంటున్నారా? లేదండీ, కళ్ళు కప్పలా గెంతుకుంటూ వెళ్ళాయి. ఇప్పుడు మీ వేలే అడ్డంగా కదుపుతూ దాన్ని చూడండి. ఈసారి నున్నగా జారతాయి. గెంతడానికి మెదడులో ఒక ఏర్పాటు, వెంబడించడానికి ఇంకొకటి. డాక్టరుగారు మన ముక్కు ముందు వేలు ఆడించేది అవి చెడకుండా ఉన్నాయా అని చూడటానికే.

హైదరాబాద్ ఈసీఐఎల్ చౌరస్తా దగ్గర ఓ కుర్రాడు బండి మీంచి పడ్డాడనుకోండి. సీటీ స్కాన్‌లో రక్తం గడ్డకట్టలేదు, ఎముక విరగలేదు. "ఏం లేదట" అని ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. వాడికేమో పుస్తకం తీస్తే అక్షరాలు అలుక్కుపోతాయి, తల దిమ్ముగా ఉంటుంది. బద్ధకం అని తిడతాం కూడా! స్కాన్‌లో కనిపించేది మెదడు రూపం; దాని పనితీరు కాదు. ఆ తేడా కళ్ళలో బయటపడొచ్చు. కళ్ళని తిప్పే నరాలు మూడు జతలు. తలలో ఒత్తిడి పెరిగితే వాటిలో, మెదడు నుంచి వచ్చే నరాల వరసలో ఆరోది దెబ్బతినొచ్చు. అప్పుడు కన్ను బయటివైపు తిరగదు, ఒక మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు.

అంత పెద్ద తేడా అయితే వేలికే దొరుకుతుంది. సన్నతేడాల కోసం అమెరికాలో ఉజ్మా సమదానీ అనే న్యూరోసర్జన్ పరిశోధన నుంచి 'ఐబాక్స్' అనే పెట్టె వచ్చింది. గడ్డం ఆనించి 220 సెకన్లు వీడియో చూడాలి, అంతే. బొమ్మ తెర అంచుల వెంట తిరుగుతుంటే, కళ్ళు దాన్ని ఎలా వెంబడిస్తున్నాయో కెమెరా లెక్కకడుతుంది. 2018 డిసెంబరులో అక్కడ వైద్యపరికరాలకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ దానికి ఒప్పుకుంది, డాక్టరు పరీక్షకి తోడుగా మాత్రమే.

టీవీ చూడొద్దని పిల్లల్ని కసిరే మనకి, టీవీ చూడటమే పరీక్ష! టీవీలు మనకి కొత్త కాదు: మన ఏఎస్ రావు నగర్‌కి పేరిచ్చిన అయ్యగారి సాంబశివరావుగారు నిలబెట్టిన ఈసీఐఎల్ 1967లో పుట్టింది. ఈసీ టీవీలు, టీడీసీ-12 కంప్యూటరూ చేసింది ఆ సంస్థే. తెర, కెమెరా, లెక్కలు వేసే యంత్రం... ఇలాంటి పెట్టె ఇక్కడే తయారుకావాలని నాకు మహా ఆశ. ఈ వీధుల్లో పొద్దున్నే వాకింగ్‌కొచ్చే రిటైర్డు ఇంజనీర్లని పోగేస్తే చాలదూ?

అన్నట్టు, దెబ్బ తగిలాక ఒక కంటిపాప పెద్దదిగా, ఇంకొకటి చిన్నదిగా ఉన్నా, ఆగకుండా వాంతులవుతున్నా, లేపితే లేవనంత మత్తుగా ఉన్నా ఏ పెట్టె కోసమూ చూడకండి. వెంటనే 108కి ఫోన్ కొట్టండి.