గిరీశానికి దేశదేశాల చుట్టాలు

పామర్రు

బావా,

నువ్వు పారిస్ నుంచి పంపిన సినిమా చూశాను. ‘ప్రపంచంలోకెల్లా అందమైన మోసాలు’ అనే పేరుకు తగ్గట్టే ఉంది. 1964లోనే ఊరికో కథ, కథకో దర్శకుడు చొప్పున ఇలా గుదిగుచ్చాలన్న ఆలోచన వచ్చినందుకు ముచ్చటేసింది. టోక్యో కథలో ముసలాయన ప్లాటినం పళ్ళసెట్టు కాజేస్తుంది బార్లో పనిచేసే అమ్మాయి. అది నాకంతగా ఎక్కలేదు.

పారిస్ కథ మాత్రం భలే ఉంది. షాబ్రోల్ తీసిన ఆ ముక్కలో ఐఫిల్ టవర్‌నే ఓ జర్మన్ ఆసామికి అమ్మేస్తారు. ఇది వట్టి కల్పన కాదు బావా. 1925లో విక్టర్ లుస్టిగ్ అనేవాడు ప్రభుత్వ అధికారినని చెప్పి పాత ఇనుము వ్యాపారుల్ని పెద్ద హోటల్‌కి పిలిపించాడు. టవర్ ఖర్చు భరించలేకపోతున్నాం, తుక్కు కింద అమ్మేస్తున్నాం, గుట్టుగా ఉంచండి అన్నాడు. ఒకతనికి అనుమానం వచ్చింది. లుస్టిగ్ లంచం మాట ఎత్తేసరికి ‘అయితే నిజం అధికారే’ అని నమ్మకం కుదిరిందట! మోసపోయాక పరువు పోతుందని పోలీసుల దగ్గరకీ వెళ్ళలేదు. అందుకే ఆ కథకి మనసారా నవ్వగలిగాను. అక్కడ మోసగాడు గాలం వేశాడంతే, ఎర మాత్రం కొనేవాడి ఆశే.

గ్రెగొరెట్టి తీసిన నేపుల్స్ కథ చూస్తుంటే కన్యాశుల్కమే కళ్ళముందు కదిలింది. ఊరు వదిలి పొమ్మన్న వేశ్యలు అక్కడే ఉండిపోవడానికి, వృద్ధాశ్రమంలో ఉన్న ముసలివాళ్ళకి డబ్బిచ్చి పెళ్ళాడతారు. ఇక్కడ గురజాడ ఏం చేశారు? కరటకశాస్త్రి చేత గుంటూరు శాస్త్రుల వేషం కట్టించి, శిష్యుడికి చీర చుట్టించి, ముసలి లుబ్ధావధాన్లకి పెళ్ళికూతురుగా అంటగట్టించారు. పసిపిల్లని కొనుక్కోబోయినవాడికి మగపిల్లాడు దక్కాడు. 1892లో విజయనగరంలో ఆడిన ఆ నాటకంలోని మోసం నేపుల్స్ మోసం కంటే పదునైనది. ఎందుకంటావేమో, అక్కడ పెళ్ళి కాగితం కోసం, ఇక్కడ ఓ పసిదాని బతుకు కోసం.

అదే నాటకంలో గిరీశం సంగతి వేరు. పూటకూళ్ళమ్మ దగ్గర సరుకులకని ఇరవై రూపాయలు పుచ్చుకుని వేశ్య మధురవాణికి తగలేసినప్పుడు నాకు నవ్వు రాదు. ఆవిడ ఒంటరిది, అన్నం వండి బతికే మనిషి. ఆవిడ చీపురు పట్టుకొచ్చినప్పుడు, ఆ దెబ్బ గిరీశానికి తప్పి, మంచం కింద దాక్కున్న మరో విటుడు రామప్పంతులికి తగిలినా ప్రాణం కుదుటపడుతుంది. 1955లో పుల్లయ్య గారు ఆ నాటకాన్ని సినిమా తీస్తే గిరీశం వేసింది మన మండలంలోని నిమ్మకూరు బిడ్డ ఎన్.టి.ఆరే కదా! మధురవాణి సావిత్రి. రెండేళ్ళు తిరిగేసరికి ఆయన మాయాబజార్‌లో కృష్ణుడై, పెళ్ళివారిని బురిడీ కొట్టించే నాటకం మొత్తం నడిపించాడు. మాయా శశిరేఖగా మళ్ళీ సావిత్రే! ఘటోత్కచుడి నడక ఆడపిల్ల ఒంటిమీదికి వచ్చే ఆ చోటు ఓసారి ఆపి ఆపి చూడు. నువ్వు పంపిన సినిమాలో ఊరికో కథ తీసినవాళ్ళెవరికీ అంతటి నటి దొరకలేదని ఘంటాపథంగా చెబుతాను.

ఊరికో కథ అంటే మన కూచిపూడి వాళ్ళ పగటివేషాలే గుర్తొచ్చాయి. రోజుకో వేషం కట్టి, సోమయాజులూ సోమిదేవమ్మల దగ్గర్నుంచి ఊళ్ళో ఉన్న డాంబికులందర్నీ వీధిలో నిలబెట్టి, ఆఖరి రోజున ఇంటింటికీ వచ్చి సంభావన పుచ్చుకునేవారు. వేషమని అందరికీ తెలుసు. అయినా తనదాకా వచ్చేసరికి పెద్దమనిషి ముఖం మాడేది.

ఈమధ్య ఇక్కడ ఫోన్లో పోలీసులమని బెదిరించి, ‘డిజిటల్ అరెస్టు’ అంటూ రిటైరైన వాళ్ళ దగ్గర డబ్బు ఊడ్చేస్తున్నారు. అందులోంచి హాస్యం పుట్టదు బావా. అక్కడ ఆశ లేదు, భయమొక్కటే ఉంది. భయపడ్డవాణ్ణి చూసి నవ్వే సినిమా ఎవరు తీసినా నేను చూడను.

గొడార్డ్ మరాకేష్‌లో తీసిన ముక్కని విడుదలప్పుడు తీసేశారు కదా, అది మాత్రం నువ్వు తప్పక చూడాలి. బీదవాళ్ళకి దొంగనోట్లు పంచేవాడు ఒకడు, కెమెరా పట్టుకుని వాడి వెంటపడే విలేకరిగా జీన్ సీబర్గ్. వాడు ఇచ్చేది దొంగ డబ్బు, సరే. మనుషుల ముఖాలు తీసుకుపోయే ఆమె వాళ్ళకేమిచ్చింది? మొత్తం కథల్లో నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఇదొక్కటే.

సంక్రాంతికి వస్తానన్నావుగా, నీ కెమెరా తెచ్చుకో. కూచిపూడిలో పగటివేషాలు కట్టిన పెద్దవాళ్ళు దొరికితే కూర్చుని మాట్లాడదాం. వాళ్ళని అడిగి, సరే అన్నాకే తీద్దాం. తీసింది ముందు వాళ్ళకే చూపిద్దాం.

నీ బావ