నాలుగు హద్దుల అవతల

ఇంటి జాగా కొనేవాళ్లు మొదట గజం ఎంత అని అడుగుతారు. తర్వాత కాయితాలు సరిగ్గా ఉన్నాయా అని అడుగుతారు. రెండూ అడగవలసినవే. అయితే నిజామాబాద్ జిల్లా ఆర్మూరులాగా పొలాల్లోకి పెరుగుతున్న పట్టణంలో అంతకన్నా ముందు తేల్చుకోవలసింది మరొకటి ఉంది. ఈ ప్లాటు చుట్టూ ఇప్పుడేముంది, పదేళ్ల తర్వాత ఏముంటుంది? దస్తావేజులో తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అని నాలుగు హద్దులు రాస్తారు. వాటి లోపలి రెండు వందల గజాలు మన సొంతం. కానీ రోజూ మన బతుకు నడిచేది ఆ హద్దుల బయట ఉన్నవాటితోనే. బండి పోవడానికి రోడ్డు కావాలి, వాన నీరు పోవడానికి మోరీ కావాలి, పిల్లలకు ఆడుకునే జాగా, అంబులెన్సు మళ్లడానికి మూలమలుపు కావాలి. ఇవేవీ మన పేరు మీద రిజిస్టరు కావు, అందుకే వాటి గురించి బేరం ఆడాలని తోచదు. ఇలాంటి పట్టణాల్లో జాగా కొనేవాళ్లకు జరుగుతున్న పెద్ద నష్టం ఇక్కడే ఉందని, దాన్ని బయానా ఇవ్వకముందే ఆపవచ్చని నా నమ్మకం.

ఆర్మూరు పరిస్థితి చూడండి. హైదరాబాదు నుంచి నాగపూర్ పోయే 44వ నంబరు జాతీయ రహదారి, నిజామాబాద్ నుంచి జగిత్యాల వైపు పోయే 63వ నంబరు రహదారి ఇక్కడే కలుస్తాయి. 2017లో పెద్దపల్లి–నిజామాబాద్ రైలు మార్గం పూర్తయి ఊరికి రైలొచ్చింది. 2025 జనవరిలో నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు మొదలైంది. ఇలాంటి కబురు ఏది వచ్చినా మొదట కదిలేది భూమి ధరే. ఒక వైపు నవనాథ సిద్ధుల గుట్ట అడ్డంగా నిలిచింది కాబట్టి ఊరు రోడ్ల వెంట సాగుతోంది. పెర్కిట్, మామిడిపల్లి ఇప్పుడు పట్టణంలోనే కలిసిపోయాయి. నిన్నటిదాకా పసుపు, మక్క, ఎర్రజొన్న పండిన చేలు వెంచర్లవుతున్నాయి. కొనేవాళ్లలో పంట అమ్మిన రైతులున్నారు, ఉద్యోగులున్నారు, దుబాయిలోనో మస్కట్‌లోనో ఎండలో చెమటోడ్చి నెలనెలా ఇంటికి డబ్బు పంపేవాళ్లున్నారు. జీవితంలో ఒక్కసారే కొనగలిగేవాళ్లే వీళ్లలో ఎక్కువ. పొరపాటు జరిగితే దిద్దుకోవడానికి రెండో సంపాదన ఉండదు.

అనుమతి లేని లేఅవుట్‌లో ప్లాటు ఎందుకు చవగ్గా వస్తుందో ఒక లెక్క వేసి చూద్దాం. ఎకరానికి 4840 గజాలు. అనుమతి తీసుకున్న లేఅవుట్‌లో రోడ్లకు సుమారు 30 శాతం, పార్కుకూ ఉమ్మడి అవసరాలకూ 10 శాతం పోతాయనుకుంటే అమ్మడానికి 2904 గజాలు మిగులుతాయి. అనుమతి లేకుండా ఇరుకు రోడ్లు వేసి, వాటికి 15 శాతమే వదిలి, పార్కు జాగా అసలే తీయకపోతే 4114 గజాలు మిగులుతాయి. తేడా 1210 గజాలు, అంటే పావు ఎకరం, పది గుంటలు. ఈ పది గుంటలు అమ్మకానికి కలిశాయి కాబట్టి గజం ధర 29 శాతం తగ్గించినా అమ్మేవాడి చేతికి వచ్చే మొత్తం మారదు. పైగా మోరీలు, కరెంటు స్తంభాలు, నీటి పైపుల ఖర్చు కూడా అతనికి తప్పింది. కొనేవాడు మాత్రం తక్కువకు దొరికిందని సంతోషిస్తాడు. నిజానికి అతనికి తగ్గింపు ఎవరూ ఇవ్వలేదు. అతని రోడ్డునూ అతని పిల్లల ఆటస్థలాన్నీ కోసి, ఆ ముక్కలను అతనికీ పక్కవాళ్లకీ ప్లాట్లుగా అమ్మారు.

డబ్బున్నవాళ్లకైతే ఈ మాటలు సరే, పది లక్షలు కూడబెట్టడమే కష్టమైన మాకు అనుమతి ఉన్న ప్లాటు ఎట్లా అందుతుందని ఎవరైనా అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చిన్న ప్లాటు. అదే డబ్బుకు అనుమతి లేని చోట రెండు వందల గజాలు, అనుమతి ఉన్న చోట నూట నలభై గజాలు వస్తాయనుకోండి, నూట నలభై గజాలే కొనమని చెబుతాను. తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ పద్ధతితో చిన్న ఇళ్లకు అనుమతి సులువైంది. 75 గజాల లోపు జాగాకు రూపాయితో నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల లోపు ఇళ్లకు సొంత ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతి వస్తుంది. కానీ రోడ్డు నిబంధనలకు సరిపోయేంత వెడల్పు లేకపోతే ఆ లోటు మీ జాగాలోంచే వదలాలి. కాయితం మీద రెండు వందలున్నది ముందు భాగం పోయాక ఎంత మిగులుతుందో కొనేరోజే లెక్కపెట్టుకోవాలి. ఇల్లు కట్టడానికి అప్పు కోసం పోతే, అనుమతి లేని ప్లాటుకు బ్యాంకులు సాధారణంగా వెనకాడతాయి. అప్పుడు బయట వడ్డీకి తెచ్చే అప్పు మొదట మిగిలిందనుకున్న డబ్బును మింగేస్తుంది.

ఎప్పుడో ఒకప్పుడు ప్రభుత్వమే లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం (ఎల్ఆర్ఎస్) తెస్తుంది, ఫీజు కట్టి క్రమబద్ధం చేయించుకుంటామనే ధీమా మరొకటి. ఆ ధీమాకు కారణం లేకపోలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2007 చివరన, తెలంగాణలో 2015లో, మళ్లీ 2020లో ఇలాంటి పథకాలు వచ్చాయి. చివరి దానికి 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అనుమతి లేని ప్లాట్ల సమస్య ఎంత పెద్దదో ఆ అంకె చెబుతుంది. అయితే ఆ పథకాన్ని ప్రధానంగా 2020 ఆగస్టు 26కు ముందు రిజిస్టరైన ప్లాట్ల కోసమే తెచ్చారు. దరఖాస్తు పెట్టినవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి ఎదురుచూశారు, 2025లో ఫీజుపై 25 శాతం రాయితీ ఇచ్చి మరీ ప్రభుత్వం వాళ్లను పిలవాల్సి వచ్చింది. అంతకన్నా గట్టిగా గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఒకటుంది. లేఅవుట్‌లో ఖాళీ జాగా వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం కట్టమని ఆ నిబంధనలు చెప్పాయి. అది కట్టేది జాగా మింగిన వెంచరు యజమాని కాదు, ప్లాటు కొన్న మనిషి. కట్టినా పార్కు మాత్రం రాదు. అక్కడ అప్పటికే ఇళ్లు లేచి ఉంటాయి. డబ్బుతో తప్పు మాఫీ కావచ్చు గానీ ఇరవై అడుగుల రోడ్డు నలభై అడుగులు కాదు.

రిజిస్ట్రేషన్ అయ్యింది కదా, ప్రభుత్వం ఒప్పుకున్నట్టే కదా అనేవాళ్లూ ఉన్నారు. రిజిస్ట్రేషన్ ఆఫీసు ఒక లావాదేవీని నమోదు చేస్తుంది, అమ్మేవాడికి హక్కుందని హామీ ఇవ్వదు. అమ్మేవాడి హక్కును విచారించే అధికారం సబ్ రిజిస్ట్రారుకు లేదని 2025 ఏప్రిల్‌లో తమిళనాడు నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగానే చెప్పింది. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం కట్టాం కాబట్టి భద్రత కూడా కొన్నామనుకోకూడదు. ఆ విచారణ కొనేవాడే చేయించుకోవాలి. ఆస్తి లావాదేవీల వివరాలుండే ఈసీ తీయాలి, పాత పహణీలు, లింకు దస్తావేజులు చూడాలి, ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందో లేదో చూడాలి. అసైన్డ్ భూమి అయితే 1977 చట్టం ప్రకారం అమ్మకమే చెల్లదు. తెల్లకాయితం మీద రాసుకున్న సాదాబైనామాను, జీపీఏ (సాధారణ అధికార పత్రం) మీద చేతులు మారిన జాగాను హక్కుగా భావించి డబ్బు పెట్టకూడదు. జీపీఏ అమ్మకంతో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. ఇవన్నీ సరిపోయాక కూడా పని సగమే అయినట్టు. హద్దుల లోపలి సంగతి తేలింది, బయటి సంగతి మిగిలే ఉంది.

బయటి సంగతుల్లో అన్నిటికన్నా బలమైనది నీరు. ఈ ప్రాంతంలో పసుపు డబ్బు చేతికొచ్చేది మాఘం నుంచి వైశాఖం దాకా. ప్లాట్లు చూసేదీ ఆ రోజుల్లోనే. అప్పుడు ప్రతి వాగూ ఎండి ఉంటుంది, ప్రతి పల్లమూ చదునుగా కనబడుతుంది. ఎర్రమట్టి పోసి, రాళ్లు పాతి, రంగు వేస్తే కుంట నీరు నిలిచే శిఖం భూమి కూడా వెంచరులాగే ఉంటుంది. అందుకని ఆ చేనులో ఇంతకుముందు ఏం పండిందో అడగండి. నీరు నిలిచే చోట పసుపు బతకదు, దుంప కుళ్లుతుంది. ఏళ్ల తరబడి పసుపు పండిన చేను నీరు దిగిపోయే నేల. పహణీలో తరి (మాగాణి) అని ఉండి, చెరువు కింద వరి పారిన మడి అయితే అది నీటి దారిలో ఉన్న పల్లం. అటువంటిది అసలే కొనవద్దని కాదు, పునాది ఎంత ఎత్తు లేపాలో, నీరు ఎటు పోతుందో తేలేదాకా కొనవద్దని. గ్రామ నక్షాలో వాగు గీత ఎక్కడుందో చూడాలి. భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుల పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువులు, కుంటల నుంచి 9 మీటర్లు కట్టడం లేకుండా వదలాలి. 2025 ఆగస్టు చివరన పక్కనున్న కామారెడ్డిలో కాలనీలు నీట మునగడం మనమంతా చూశాం. వానకు పాత దారి గుర్తుంటుంది. కాబట్టి వీలైతే ఒక వానాకాలం ఆగి కొనండి. ఆగలేకపోతే గత సంవత్సరాల వానాకాలపు ఉపగ్రహ చిత్రాలు ఫోనులోనే చూడవచ్చు, పక్క చేను రైతును అడగవచ్చు.

గల్ఫ్ నుంచి డబ్బు పంపేవాళ్ల గురించి వేరుగా చెప్పాలి, ఎందుకంటే వాళ్లు జాగాను చూడకుండా కొంటారు. వెంచరువాళ్లు పంపే వీడియోలో గేటు, కమాను, రెండు ఈత చెట్లు కనబడతాయి. లేఅవుట్ అనుమతి నంబరు కనబడదు. 500 చదరపు మీటర్లు దాటిన ఏ వెంచరైనా అమ్మకాలు మొదలుపెట్టకముందే స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో నమోదు కావాలని 2016 చట్టం చెబుతోంది. తెలంగాణ రెరా వెబ్‌సైటులో ఆ నంబరును షార్జాలో కూర్చుని కూడా సరిచూసుకోవచ్చు. ఆ చట్టం కిందికి వచ్చే వెంచరులో రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోవడం చట్టవిరుద్ధం. అన్నిటికన్నా జాగ్రత్తపడవలసింది గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్ల విషయంలో. వాటికి పట్టాదారు పాసుపుస్తకం వచ్చినా అది వ్యవసాయ భూమే. వ్యవసాయేతర వాడకానికి మార్చే నాలా మార్పిడి, లేఅవుట్ అనుమతి లేకుండా అక్కడ ఇంటికి అనుమతి రాదు. పైగా ఉద్యోగం కోసం విదేశాల్లో ఉన్న భారతీయులు ఇళ్లు, వాణిజ్య స్థలాలు కొనవచ్చు గానీ వ్యవసాయ భూమి కొనడాన్ని విదేశీ మారక చట్టం నిషేధించింది. వలస కార్మికుడి పేరున ఫామ్ ప్లాటు రాయించే ఏజెంటు ఈ మాట చెప్పడు.

ఇక అందరూ మొహమాటపడేది ఒకటుంది. అమ్మేవాడు మేనమామకు తెలిసినవాడు, మధ్యనున్నది మన కులపాయన, ఇన్ని కాయితాలు అడిగితే నమ్మలేదని బాధపడతారు. కానీ నిజాయితీగల అమ్మకందారుకు ప్రశ్నలతో నష్టం లేదు. సొంత మనిషి మోసం చేయకపోయినా అతనే మోసపోయి ఉండవచ్చు. అందుకని మాట ఇలా ఉండాలి: మామా, బ్యాంకువాళ్లు అడుగుతున్నారు, లేఅవుట్ నక్షా కాపీ ఇప్పించు. ఆ నక్షా తీసుకుని మున్సిపల్ ఆఫీసుకు పోయి నాలుగు సంగతులు కనుక్కోవాలి. అనుమతి తాత్కాలికమా, తుదిదా? తాత్కాలిక అనుమతి ఇచ్చేటప్పుడు రోడ్లు, మోరీలు పూర్తయ్యేదాకా 15 శాతం ప్లాట్లను తనఖా పెట్టుకుంటారు, మనకు చూపించిన ప్లాటు వాటిలో ఉందా? పార్కు జాగాను మున్సిపాలిటీకి గిఫ్టు డీడు చేశారా? మన రోడ్డు మెయిన్ రోడ్డు దాకా నక్షాలో ఉందా, లేక మధ్యలో ఇంకొకరి పొలం ఉందా? తర్వాత టేపు పట్టుకుని రోడ్డు వెడల్పు కొలవాలి. బయానాను నగదుగా కాక బ్యాంకు ద్వారానే ఇవ్వాలి. స్థిరాస్తికి 20,000 రూపాయలు, ఆపైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. అంతకన్నా పెద్ద లాభం, గొడవ వస్తే ఆ బ్యాంకు ఎంట్రీయే మీ సాక్షి.

ఇప్పటికే కొని ఇల్లు కట్టుకున్నవాళ్లకు ఈ మాటలు ఆలస్యంగా వచ్చినట్టు అనిపించవచ్చు. వాళ్లకూ చేయవలసినది మిగిలే ఉంది. కాలనీలో ఇంకా అమ్ముడుపోని ప్లాట్లున్నప్పుడే సంఘం పెట్టుకుని, నక్షాలోని ఖాళీ జాగాకు కంచె వేయించి, మున్సిపాలిటీ పేరున బోర్డు పెట్టించాలి. ఆక్రమణ ఎప్పుడూ ఒక రేకుల షెడ్డుతో మొదలవుతుంది, ఆ రోజే అడ్డుకోవడం సులువు. మోరీ కోసం ఒక్కొక్కరు కౌన్సిలరు చుట్టూ తిరిగేకంటే నలభై ఇళ్లు కలిసి రాసిన దరఖాస్తుకు బలముంటుంది. ఇక కొత్తగా కొనేవాళ్ల చేతిలో ఇంతకన్నా పెద్ద బలం ఉంది. అనుమతి లేని లేఅవుట్లు అధికారుల అలసత్వం వల్లనే పుట్టడం లేదు, అడగకుండా కొనేవాళ్లు దొరుకుతున్నారు కాబట్టి పుడుతున్నాయి. ఆర్మూరులో బయానాకు ముందు లేఅవుట్ నంబరు అడగడం పెళ్లి మాటల్లో గోత్రం అడిగినంత మామూలైతే, ఆ నంబరు లేని వెంచరు వేయడం ఎవరికీ గిట్టుబాటు కాదు. అప్పుడు రోడ్డు, మోరీ, ఆటస్థలం ధరలోనే కలిసి వస్తాయి. వాటి కోసం ఇల్లు కట్టుకున్న తర్వాత ఇరవై ఏళ్లు కొట్లాడవలసిన పని ఉండదు.