కొచ్చి: నీటిలోని రాజవీధి

కొచ్చి నగరానికి నీరే ప్రాచీనమైన రాజవీధి. వేంబనాడు సరస్సులోని దీవులవారు చదువుకైనా, వైద్యానికైనా తరచు ఎర్ణాకుళం తీరం చేరవలసిందే. 2017లో ప్రారంభమైన మెట్రో రైలు వారి ముంగిటికి రాలేదు. 2023 ఏప్రిల్‌లో వాటర్ మెట్రో వచ్చింది. కొచ్చి నౌకానిర్మాణశాలలో రూపొందిన ఈ బ్యాటరీ పడవలో నూరుమంది ప్రయాణించవచ్చు. రేవు సైతం నీటిపై తేలుతూ పడవతో సమమట్టంగా ఉంటుంది గనుక, ఆటుపోట్లు ఎలా ఉన్నా వృద్ధులు తొట్రుపడక ఎక్కగలరు.

ఇందుకు జర్మనీ అభివృద్ధి బ్యాంకు ఋణమిచ్చింది. రాష్ట్రప్రభుత్వమూ సొమ్ము వెచ్చించింది. ఇంతటి వ్యయం టిక్కెట్ల రాబడితోనే తీరేది కాదు. వంతెన కట్టినప్పుడు లాభమెంత అని అడగని మనం, పడవకు మాత్రం లెక్క కట్టడం న్యాయమా?

కొచ్చి వెళ్ళినప్పుడు ఆ పడవెక్కి చూడండి. విహారయాత్రికుల నడుమ పుస్తకాల సంచితోనో, కూరల బుట్టతోనో నిలిచినవారు కనిపించవచ్చు. ఆ పడవ మొదట వారిది.