పావుగంట దూరంలో ఉండే మనిషి

అరవై దాటాక తోడు కోసం ఆన్‌లైన్‌లో వెతకాలనుకునేవాళ్లు సైటు పేరు కంటే ముందు దూరం చూసుకోవాలి. ఇరవై అయిదేళ్లప్పుడు పెళ్లయితే ఎవరో ఒకరు ఊరు మారతారు. మా వయసులో ఆ పని అంత తేలిక కాదు. ఏళ్ల తరబడి బీపీ చూస్తున్న డాక్టరు ఇక్కడే ఉంటాడు. పొద్దున్నే పార్కులో కనబడకపోతే ఫోన్ చేసి ఏమైందని అడిగేవాళ్లుంటారు. ఊరెళ్తూ తాళంచెవి ఇచ్చి వెళ్లదగిన పక్కింటావిడ ఉంటుంది. ఇవన్నీ వదులుకుని కొత్త ఊళ్లో కొత్త మనిషిని నమ్ముకోమంటే నేనైతే ఒప్పుకోను.

మా వారు పోయిన కొన్నేళ్లకి ఈ ఆలోచన వచ్చింది. పిల్లలిద్దరూ విదేశాల్లో, నేను కూకట్‌పల్లిలో. "నీ ప్రొఫైల్ నువ్వే రాసుకో అమ్మా, మేం రాస్తే అది నువ్వు కావు" అంది మా అమ్మాయి. ఆ మాట విలువ మ్యాట్రిమోనీ సైట్లు తెరిచాక తెలిసింది. మా వయసువాళ్ల ప్రొఫైళ్లు చాలావరకు కొడుకులో కోడళ్లో పెట్టినవే. "మా నాన్నగారికి వంట బాగా వచ్చిన, ఆరోగ్యవంతురాలైన, బాధ్యతలు లేని స్త్రీ కావలెను" అని ఒకచోట చదివాను. వాళ్లు వెతుకుతున్నది తోడునా, జీతం అడగని పనిమనిషినా? ఫోన్ చేస్తే కొడుకు ఎత్తాడు. వాళ్ల నాన్నగారితో మాట్లాడతానంటే, ముందు వివరాలన్నీ తనకు చెప్పమన్నాడు. పెట్టేశాను.

ఆ సైట్లు మొదట అడిగేవి కులం, గోత్రం, నక్షత్రం. బిడ్డలు పుట్టే కాలం దాటినవాళ్లకి ఈ గడులు ఎందుకో నాకు అర్థం కాదు. కుర్రకారు వాడే డేటింగ్ యాప్‌లు మాత్రం ఎన్ని కిలోమీటర్ల లోపు మనుషులు కావాలో ముందే అడుగుతాయి. నాకు కావలసిన ప్రశ్న అదే. కానీ మా ఈడువాళ్లు అక్కడ అంతగా కనబడలేదు. డాలస్‌లో ఉండే మా చిన్నాన్న కూతురు అవర్‌టైమ్ చూడమంది. యాభై దాటినవాళ్ల కోసమే పెట్టిన సైటు అది. అమెరికాలో తనకి పక్క వీధివాళ్లే దొరుకుతున్నారట. అక్కడ కుదిరింది ఇక్కడ కుదరాలని లేదు.

అందుకే డబ్బు కట్టే ముందు నేను చేసే పని ఒకటుంది. ఉచితంగా చూడనిచ్చినంత మేర వయసూ, మన ఊరి పిన్‌కోడూ వేసి వెతుకుతాను. ఈ నెలలో లాగిన్ అయినవాళ్లు ఎంతమందో లెక్క చూస్తాను. పది మంది కూడా లేకపోతే ఆ సైటు ఎంత పెద్దదైనా నాకు చిన్నదే. చాలాచోట్ల చేరడం ఉచితం, వచ్చిన సందేశం చదవాలంటే మాత్రం రుసుము కట్టాలి. కట్టేటప్పుడు యూపీఐలో ఆటోపే దానంతటదే పడుతోందేమో చూసుకోవాలి. లేకపోతే మనం మరిచిపోయినా ఖాతాలో డబ్బు తరుగుతూనే ఉంటుంది.

దూరం సంగతి ఇంతగా చెప్పడానికి మోసగాళ్లు మరో కారణం. వాళ్లు ఎప్పుడూ దూరంలోనే ఉంటారు. ఓడ మీద ఇంజనీరు, సముద్రంలో చమురు బావి దగ్గర ఉద్యోగి, లండన్‌లో భార్య పోయిన డాక్టరు. వీడియో కాల్ అంటే కెమెరా పాడైందంటారు. కొన్నాళ్లకి మన పేరున పంపిన కానుక ఢిల్లీ కస్టమ్స్‌లో ఆగిపోయిందని, సుంకం కట్టమని మరో గొంతు ఫోన్ చేస్తుంది. అమెరికాలో 2022లో ఇలాంటి ప్రేమ మోసాల మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి దాదాపు 70,000 ఫిర్యాదులు వెళ్లాయి. పోయిన సొమ్ము 130 కోట్ల డాలర్లు. మన దగ్గర డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. సిగ్గుపడి ఊరుకుంటే కొన్ని గంటల్లోనే సొమ్ము చేతులు మారిపోతుంది. మోసపోయినవాళ్లని "ఈ వయసులో నీకిదేం బుద్ధి" అని ఇంట్లోవాళ్లు దెప్పడం నాకు అన్నిటికంటే బాధ కలిగిస్తుంది. ఆ భయంతోనే వాళ్లు నోరు విప్పరు.

మన హైదరాబాద్‌లో ఎన్.ఎం. రాజేశ్వరి గారు 2010లో ప్రారంభించిన 'తోడు నీడ' తోడు వెతికే పనిని మనుషుల ఎదుటే చేస్తోంది. పెద్దవాళ్లు ఒకచోట చేరి నలుగురి ముందు పరిచయం చేసుకుంటారు. నేను ఎంచుకున్నది సైటే అయినా ఆ పద్ధతి అక్కడి నుంచే తీసుకున్నాను. రెండు ఫోన్ల తర్వాత పట్టపగలు, జనంలో కలవాలి. కుదరదన్నవాళ్లకి నమస్కారం.

అలా కలిసినవారిలో ఒకరు రిటైరైన లెక్కల మాస్టారు. ఎర్రగడ్డలో ఉంటారు, మెట్రోలో మాకు పావుగంట. అక్కడి రైతుబజార్‌లో కలుద్దామన్నాను, ఇద్దరికీ కూరగాయలు ఎలాగూ కావాలి. ఆయన బెండకాయ చివర విరిచి చూశారు. "విరిస్తే నాకెవరు కొంటారయ్యా?" అని అమ్మే ఆవిడ గదిమింది. మాస్టారు ఏమీ అనలేదు. తాను విరిచినవన్నీ ఏరి తక్కెడలో వేసి, పైన అర కిలో తూయించుకున్నారు. ఆ తర్వాత నా వైపు తిరిగి, "మీరు ముదురువి ఎలా కనిపెడతారండీ?" అని అడిగారు. విరవకుండా వేళ్లతో నొక్కి చూపించాను. ఏ ప్రొఫైల్‌లోనూ దొరకని సంగతి నాకక్కడ దొరికింది. ఇక మాట్లాడుకోవచ్చనిపించింది.

ఇప్పుడు మా మధ్య నలుగుతున్నది రిజిస్ట్రేషన్. పెళ్లి చేసుకుందామంటారు ఆయన. మా వారి సర్వీసు మీద నాకొచ్చే కుటుంబ పెన్షన్ మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగిపోతుంది. చేసుకున్నానే అనుకోండి, విల్లు లేకపోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన తదనంతరం ఆస్తిలో పిల్లలతో పాటు భార్యకీ వాటా వస్తుంది. ఆయన కొడుకుల కంగారు దానికే, వాళ్లని తప్పు పట్టలేను. పుణేలో మాధవ్ దామ్లే 2012లో పెద్దవాళ్ల సహజీవనం కోసమే ఒక మండలి పెట్టారు. అలాంటి దారి మా అక్కకి మింగుడు పడదు, నాకు పడుతుంది. ముందు విల్లు రాయమని, అదీ పిల్లల్ని కూర్చోబెట్టి వాళ్లకి తెలిసేలా రాయమని మాస్టారుతో చెప్పాను. వచ్చే ఆదివారం వాళ్ల పెద్దబ్బాయి వస్తున్నాడు. నన్నూ రమ్మన్నారు. వెళ్తున్నాను.