రక్తం పారింది, పగ పండలేదు

కీర్తి సురేష్ చేతిలో కత్తి, పక్కన సెల్వరాఘవన్. 2022లో నేరుగా ప్రైమ్‌లోకి వచ్చిన ‘చిన్ని’ సినిమా మీద ఆశ పెట్టుకోకుండా ఎలా ఉంటాం? అప్పట్లో ఎంత హడావుడో!

ఆ ఇద్దరి నటనకి వంక పెట్టలేం. భర్తనీ, కూతుర్నీ తగలబెట్టినవాళ్ల మీదకి కానిస్టేబుల్ కీర్తి, సవతి అన్న సెల్వరాఘవన్‌తో కలిసి బయల్దేరుతుంది. మొదటి చావుకి ఒళ్లు జలదరించింది. తర్వాత్తర్వాత టైమ్ చూసుకోవడం మొదలైంది. చచ్చేవాడెవడో రెండు ముక్కలైనా చెప్పకపోతే వాడు పోతే మనకేంటి?

రైస్ మిల్లులో రాజుకున్న కులం గొడవే అసలు కథ. దాన్ని సగంలో వదిలేసి గొడ్డలి పట్టుకున్నాడు దర్శకుడు అరుణ్ మాథేశ్వరన్. ఆ సవతి అన్నాచెల్లెళ్లు ఊరికే కూర్చుని మాట్లాడుకునే సీన్లు మాత్రం భలే ఉన్నాయి. అవి ఇంకో నాలుగు పడాల్సింది.