కాలుగాలిన పిల్లి

ఈ సంచికకు మన పెద్దల ఆచారవ్యవహారములను గూర్చి యేదైన వ్రాసి పంపవలసినదని సంపాదకవర్గమువారు మమ్ము కోరి రెండు నెలలైనది. బరంపురమున మూడు తరములుగా కాపురమున్నవారము గనుక తాతలనాటి పండుగలను, పెండ్లిండ్లను గూర్చి వ్రాయుదుమని వారు తలంచి యుందురు. అట్టివి వ్రాయగల విద్వాంసులు మనలో పెక్కుమంది కలరు. మేము మెట్రిక్యులేషను చదువుతో సర్కారుకొలువున గుమాస్తాగా చేరి, దస్త్రములు కుట్టుచు, పద్దులు కూడుచు వయసు గడపినవారము. మాకు వచ్చిన విద్య లెక్క యొక్కటే. ఆ లెక్కయే యొక పిల్లి విషయమున మాకు తప్పినది. అందుచేత ఆ పిల్లిని గూర్చియే వ్రాయుచున్నాము. పాఠకులు మన్నింతురు గాక.

పెద్దల మాటలనుండి మరీ దూరము పోవుటయు లేదు. పిల్లిని గూర్చి మన తెలుగున మాటలకు కొదువ యేమున్నది? ఒకచోట నిలువలేనివానిని కాలుగాలిన పిల్లి యందుము. మాటిమాటికి కాపురము మార్చువానిని చూచి, పిల్లి తన పిల్లలను ఏడిండ్లు త్రిప్పినట్లున్నదందుము. మా తాతగారు ఈ రెండవ మాటకు తమ చమత్కారము నొకటి చేర్చి చెప్పెడివారట. పిల్లి ఏడిండ్లు తిరిగినను ఊరు దాటదు, మనము ఇల్లు కదలకుండగనే 1936 ఏప్రిలు 1వ తేదీన మద్రాసు రాజధానిలోనుండి ఒరిస్సాలోనికి వచ్చి పడితిమి అని. ఇట్టి మాటలు మా యింట ఉప్పు పప్పులవలె వాడుకయైనవి. వాడుకయైన వస్తువును ఎవరు పరీక్షించి చూతురు?

మా పిల్లికి నుదుట తెల్లని మచ్చ యుండుటచే మా గృహిణి దానికి చుక్కమ్మ యని పేరు పెట్టినది. ప్రక్కయింటి ఒడియా వృద్ధురాలు, మేము మావుసి యని పిలుచునామె, దానిని బిలేయి అనును. చేతిలో చేపముక్క యుండెనేని అది రెండు పేర్లకును పలికెడిది. లేనియెడల దేనికిని పలుకదు. మా వీధిలోని పాతయిండ్లు ఒకదానికొకటి గోడ కలిసి వరుసగా నుండును. ఒక యింటి పెంకులమీద నడచిన పిల్లికి వీధి యంతయు తన సొమ్మే.

2021 కార్తీకమాసమున, దీపావళి వెళ్ళిన పది పండ్రెండు దినములకు, చుక్కమ్మ మా తాతగారి భోషాణములో ఈనినది. ఆ భోషాణమున చెన్నపట్టణపు దొరతనమునాటి శిస్తు రసీదులు, పాత పంచాంగములు ఉండెడివి. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిను తుపాను గోపాలపురమువద్ద తీరము దాటినప్పుడు మా కప్పు కారి, కాగితములు తడిసి, చెక్క ఉబ్బినది. నాటినుండి మూత సరిగా పడదు. ఆ సందునుండియే అది లోనికి దూరినది. దీపము పెట్టిన వేళ మొదలై నడిరేయివరకు ఐదు పిల్లలు కలిగినవి. కన్నులు తెరువనివి, చెవులు విడనివి, బొటనవ్రేలంత తలలు. వంటింటి తూనికయంత్రముమీద పెట్టి చూడగా నాలుగు నూరు గ్రాములకు అటునిటుగా నున్నవి. ఐదవది ఎనుబది దాటలేదు.

మేము వెంటనే ఒక రిజిష్టరు తెరచితిమి. నల్లది, బూడిదరంగుది, చారలది, తెల్లకాలుది, చిన్నది అని ఐదు కాలములు గీచి, ప్రతిదినము తూకము వ్రాయసాగితిమి. సరిగా పాలు త్రాగు పిల్ల దినమునకు పది గ్రాములవరకు పెరుగునని చదివి యుంటిమి. ఒక్కొక్కటి మొదటి దినములలోనే తనకొక చన్ను నిర్ణయించుకొని దానినే వెదకికొనునని కూడ గమనించితిమి. ఇందులో మాకు కలిగిన ఆనందము ఉద్యోగమున ఎన్నడును కలుగలేదని చెప్పవచ్చును. కాని ఈ తూకములకొరకు మేము పూటకొకసారి మూత యెత్తి, చేతిదీపము వేసి, పిల్లలను తాకుచుంటిమి. ఈనిన పిల్లికి చీకటి కావలెను, చాటు కావలెను, మనుష్యులు మాటిమాటికి కదలింపకూడదు. ఇది మా రిజిష్టరులో ఎక్కడను లేదు.

నాలుగవనాడు చుక్కమ్మ తిరుగుట మొదలిడెను. పిల్ల మెడమీది తోలును పంటబట్టి యెత్తగనే ఆ పిల్ల కాళ్ళు ముడుచుకొని, తోక కడుపుక్రిందికి చేర్చి, కదలక మెదలక వ్రేలాడును. శ్రీవైష్ణవ పెద్దలు శరణాగతికి మార్జాలకిశోరన్యాయమును దృష్టాంతముగా చెప్పుట ఊరక కాదని అప్పుడు తోచినది. భోషాణమునుండి మంచము క్రిందికి, అచటినుండి బియ్యపుడబ్బా వెనుకకు, పిమ్మట గోడదాటి మావుసి యింటి పిండామీది కట్టెల చాటునకు. పిండా యనగా మన వీధి అరుగు. ప్రతిసారియు మేము పిల్లలను తెచ్చి భోషాణమున వేయుచు, రిజిష్టరున ‘రెండవ యిల్లు’, ‘మూడవ యిల్లు’ అని నవ్వుకొనుచు వ్రాసితిమి. ఆరవనాడు మావుసి అడ్డు వచ్చినది. పిల్లి షష్ఠీదేవికి వాహనము, బాలెంతరాలు అడిగిన చోటు ఇవ్వవలెను, పిల్లలను నా కట్టెల దగ్గరనే యుండనిమ్మని చెప్పినది. మా పిల్లి పరుల యింట పురుడు గడపుటయా అని మాకు చిన్నతనముగా తోచినది. మరల తెచ్చితిమి.

ఆ సాయంకాలము ఒక గండుపిల్లి ప్రహరిమీద కనబడెను. గండుపిల్లులు పసికూనలను చంపుట కలదు. అందుచేత మేము భోషాణమున్న గదిలో చుక్కమ్మనుకూడ చేర్చి, బయట గడియ వేసితిమి. రాత్రి పది గంటలు మొదలు అది తలుపు గీరుచు అరచుచుండెను. ఆకలి అరపు కాదు, కోపము కాదు, లోతైన యొకే స్వరము. మా గృహిణి రెండుసార్లు లేచినది.

“ఏమండీ, ఒక్కసారి తలుపు తీయండి. అది దేనికో పిలుస్తోంది.”

“కాలుగాలిన పిల్లి అరవక ఊరకుంటుందా? గండుపిల్లి బయటనే ఉన్నది. పడుకో.”

తెల్లవారి గడియ తీయగనే చుక్కమ్మ మా కాళ్ళ సందునుండి దూసికొనిపోయి మేడమెట్లెక్కెను. అప్పుడు భోషాణములోనికి చూచి లెక్కించితిమి. నాలుగు. మరల లెక్కించితిమి. నాలుగే. మేము మావుసి యింటినుండి తెచ్చుటకు ముందుగనే అది చిన్నదానిని మెట్ల మలుపున గోనెసంచి చాటునకు చేర్చియుండినది. జీవితమంతయు నగదుపుస్తకము రెండు మారులు కూడక సంతకము చేయనివారము, ఐదు ప్రాణులను లెక్క చూడక గడియ వేసితిమి.

ఆ పిల్ల చల్లబడి యుండెను. పుట్టిన మొదటి వారములలో పిల్లికూనకు తన వేడిని తాను కాపాడుకొను శక్తి యుండదు. తల్లి కడుపే దానికి కుంపటి. మా గృహిణి దానిని పైటలో చుట్టి గుండెకు ఆనించుకొని కూర్చుండెను. మేము వెచ్చనిపాలు చుక్కచుక్కగా నోట పోసితిమి. అదియు తప్పే. చల్లబడిన కూనకు కడుపులో పాలు అరుగవు, ముందు ఒడలు వెచ్చబడిన తరువాతనే పాలని మాకు పిమ్మట తెలిసినది. చుక్కమ్మ ఆమె మోకాలిమీద ముందుకాళ్ళు మోపి నిలిచి, పైటకొంగు నాకుచుండెను. పది గంటలకు పిల్ల ప్రాణము విడిచినది. దానిని పెరటిలో జామచెట్టు మొదట పాతితిమి. మా గృహిణి మమ్ము ఒక్క మాటయు అనలేదు. రిజిష్టరును మాత్రము తీసి అటకమీద వైచినది.

నాటినుండి మేము గదుల తలుపులన్నియు తెరచి యుంచితిమి. చుక్కమ్మ మిగిలిన నలుగురిని కట్టెల చాటునకే చేర్చుకొన్నది. మేము దూరమునుండి చూచుటయే గాని తాకలేదు. పదవనాటికి కన్నులు విడసాగినవి, రెండు వారములకు అన్నియు తెరచినవి. పిల్లలు బలిసినవి, తల్లి చిక్కినది. బాలెంతకు చిక్కుట సహజమేకదా యనుకొంటిమి.

ఇరువదియవ దినమున అది మరల తిరుగసాగినది. మా పిండానుండి మావుసి పిండాకు, అటనుండి పెరటికి, పెరటినుండి వంటింటికి. ఈ పర్యాయము మాకు బుద్ధి వచ్చినదని మేము తలంచితిమి. ఇల్లు మార్చునేమో, మార్చుకొననిండు, ఎవరును అడ్డు పోవలదని ఇంటిల్లిపాదికిని చెప్పి, వార్తాపత్రిక చేతబట్టి కూర్చుంటిమి. మొదట ఆ మాటను నమ్మి తలుపు మూసితిమి. ఇప్పుడు అదే మాటను నమ్మి తలుపు తెరచితిమి. పిల్లివైపు చూచుట మాత్రము రెండుమారులును లేదు. చూచినది మా గృహిణి.

“ఇలా చూడండి. నోట్లో పిల్ల లేదు. ఊరికే తిరుగుతోంది. ఆ కాళ్ళు చూడండి, వణుకుతున్నాయి.”

నిజమే. నడక కొయ్యకాళ్ళమీద నడచినట్లుండెను. నోరు తెరచి కుక్కవలె రొప్పుచుండెను. పిల్లలు అరచినను వానివైపు పోలేదు. మీగడ పెట్టగా వాసనైనను చూడలేదు. ఆ సమయమునకు పాలు పోయు ముసలమ్మ వచ్చినది. నాలుగు గేదెలు గల మనిషి. బిందె దింపి ఒక్క క్షణము చూచినది.

“ఇది తిరుగుడు కాదు బాబూ, పాలజొరం. మా గేదె ఈనిన రెండోనాడు ఇలాగే కాళ్ళు తడబడి కూలిపోయింది. డాక్టరుబాబు నరానికి సున్నపు మందు ఎక్కించినారు, లేచింది. కూకోకండి, బేగి పట్టుకెళ్ళండి.”

పిల్లికి గేదెజబ్బేమిటని మాకు సందేహము కలుగకపోలేదు. కాని అప్పటికే చుక్కమ్మ ప్రక్కకు ఒరిగి, కాళ్ళు బిగదీసికొనుచుండెను. కూరగాయలబుట్టలో పాతచీర పరచి, ఆటోలో ప్రభుత్వ పశువైద్యశాలకు కొనిపోతిమి. వైద్యుడు యువకుడు. పాలముసలమ్మ మాట చెప్పగా నవ్వక, ఆమె చెప్పినది సరియే యన్నాడు. పాలతోపాటు తల్లి నెత్తుటిలోని సున్నము, అనగా కాల్షియము, పోవుచుండును. ఎముకలనుండి దానిని తీసి నెత్తుటిలో పూడ్చుకొనుటకు దేహము అందుకొనలేనప్పుడు నరములు, కండరములు పట్టు తప్పును. గేదెకు పేరునకు జ్వరమేగాని ఒడలు చల్లబడును. పిల్లికి, కుక్కకు కండరముల వణకుచే నిజముగనే కాగిపోవును. పిల్లికి నూటొకటి, నూటరెండు డిగ్రీలు సహజమట. చుక్కమ్మకు నూటఐదు ఉండెను.

కాల్షియము గ్లూకోనేటును ముందుకాలి నరములోనికి ఎక్కించుచు, రెండవ చేత గుండె శబ్దమును వినుచు, ఆయన ఎంతయో మెల్లగా మందు నడపెను. త్వరపడినచో గుండె ఆగవచ్చునట. ఆ గది గోడగడియారము ఎన్నిసార్లు చూచితిమో చెప్పలేము. ముందు చెవుల వణకు నిలిచినది, పిమ్మట కాళ్ళు సడలినవి. అరగంటకు చుక్కమ్మ తల యెత్తి, బుట్ట అంచుమీద గడ్డము ఆనించి, కన్నులు మూసికొన్నది. ఇంకొక రెండు మూడు గంటలు ఆలసించిన యెడల తీసికొనివచ్చుట వృథాయై యుండునని వైద్యుడు తరువాత చెప్పెను.

ఒక దినమంతయు పిల్లలను తల్లిపాలకు పోనీయవలదని ఆజ్ఞ. ఆవుపాలు వానికి పడవట. పిల్లికూనలకు ప్రత్యేకముగా అమ్ము పాలపొడి దొరకినది. సూదిలేని సిరంజితో, వెల్లకిల వేయక బోర్లగా పట్టి, మూడు నాలుగు గంటలకొకసారి మా గృహిణియు మావుసియు వంతులవారీగా పట్టిరి. ఒకరు తెలుగున, ఒకరు ఒడియాలో బుజ్జగించుచుండ, ఆ నలుగురు కూనలును ఇరువురి చేతులనుండియు ఒకే ఆత్రముతో త్రాగినవి. అర్ధరాత్రి పాలు కాచు పని మాకు అప్పగింపబడెను. వ్రాతపని ఎవరును అప్పగింపలేదు.

చుక్కమ్మ తేరుకొన్నది. ఒకసారి ఈ వ్యాధి వచ్చినదానికి మరుసటి ఈతలో మరల రావచ్చునని వైద్యుడు హెచ్చరించుటచే, పిల్లలు పాలు మానిన పిమ్మట దానికి శస్త్రచికిత్స చేయించితిమి. నల్లది మావుసి యింటనే పెరిగినది. చారలదానిని పాలముసలమ్మ గడ్డిపాకలో ఎలుకలున్నవని కొనిపోయినది. మిగిలిన రెండును మా భోషాణముమీద నిద్రించుచున్నవి. లోపలి పాత పంచాంగములను ఎండబెట్టి వేరొక పెట్టెలో పెట్టితిమి. వానిలో చదువదగినవి కొన్ని యున్నవి. ఆ సంగతి సంపాదకులు కోరినచో మరియొక సంచికకు వ్రాయుదుము.

ఇది జరిగి కొన్ని సంవత్సరములైనది. చుక్కమ్మ ఇప్పటికిని అప్పుడప్పుడు సందెవేళ మేడమెట్ల మలుపువరకు పోయి, ఆ మూల వాసన చూచి, కొంతసేపు కూర్చుండి దిగివచ్చును. గోనెసంచి చివికిపోగా, మొన్న మా గృహిణి మరియొకటి తెచ్చి అచటనే పరచినది.