పుట్టింటికి వెళ్లిన పాత రీలు

ఊటీ వెళ్లొచ్చినవాళ్ల ఫొటోలు చూడాలంటే ఇప్పుడు కాస్త ఓపిక కావాలి. బొటానికల్ గార్డెన్‌లో రెండొందలు, పడవలో నూటయాభై, దొడ్డబెట్ట మీద సెల్ఫీలకైతే లెక్కే లేదు! ఒకప్పుడు కొత్త జంట ముప్పై ఆరు ఫొటోల రీలు ఒక్కటి వెంట పెట్టుకుని వెళ్లేది. చివర్లో రెండు మిగిలిపోతే ఇంటికొచ్చాక పెరట్లో జామచెట్టు కింద అత్తగారిని నిలబెట్టి తీసి, అప్పుడు గానీ స్టూడియోలో కడగడానికి ఇచ్చేవారు కాదు.

మొన్నటి డిసెంబరులో నేను ఊటీకి తీసుకెళ్లింది ఇరవై నాలుగు ఫొటోలకు సరిపడా రీళ్లు. పన్నెండు వచ్చేవి రెండు. డబ్బా మీద గడువు 1994 అని ఉంది. ముప్పయ్యేళ్ల కిందట చెల్లిపోయిన సరుకుతో అంతదూరం ఎందుకంటే, అవి పుట్టింది అక్కడే కాబట్టి.

నలభై దాటినవాళ్లకు ‘ఇందు’ పేరు గుర్తుండే ఉంటుంది. స్టూడియో గోడ మీద, బ్రోమైడ్ పేపరు ప్యాకెట్ మీద కనిపించేది. ఇందు అంటే చంద్రుడు. వెండి లవణాలతో తయారయ్యే వస్తువుకి అంతకన్నా చక్కని పేరు ఎవరు పెట్టగలరు? ఫొటో ఫిల్ముకు ప్రతిసారీ విదేశాల వైపు చూడనక్కర్లేకుండా కేంద్ర ప్రభుత్వం 1960లో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ సంస్థను పెట్టింది. ఫ్రాన్సుకు చెందిన బోషే కంపెనీ సాంకేతిక సహకారంతో 1967లో ఉత్పత్తి మొదలైంది. ఊటీనే ఎంచుకోవడానికి కారణం అక్కడి గాలి. ఫిల్ము మీద మందు పూసేటప్పుడు దుమ్ము కణం ఒక్కటి పడినా మచ్చే. చల్లదనం, శుభ్రమైన గాలి ఉన్న చోటు కావాలి. కర్మాగారం చుట్టూ వెలసిన ప్రాంతానికి ఇందునగర్ అనే పేరొచ్చింది.

నా రీళ్లు మా జిల్లాలో మూతపడిన ఓ స్టూడియోవి. ఆ పెద్దాయన పెళ్లిళ్లకు వాడిన యాషికా మాట్ 124జి కెమెరా కూడా నాకే ఇచ్చారు. పైనుంచి కిందికి తొంగిచూస్తూ ఫొటో తీసే రెండు కళ్ల పెట్టె అది. అద్దంలో కుడి ఎడమగా, ఎడమ కుడిగా కనిపిస్తుంది. పెళ్లికొడుకుని కాస్త పక్కకు జరగమనాలంటే కొత్తవాడు ఒక్క క్షణం తడబడాల్సిందే. వెలుతురు కొలిచే మీటరు ఉంది గానీ, దానికి కావలసిన పాదరసం బ్యాటరీల తయారీ ఆగిపోయి చాలా కాలమైంది. కాబట్టి కంటి లెక్కే దిక్కు.

“అన్నం కాదు కదండీ పాచిపోవడానికి! ఫిల్ము ముసలిదవుతుందంతే. చూపు మందగిస్తుంది. కాస్త ఎక్కువ వెలుతురు చూపించండి” అన్నారాయన రీళ్లు చేతిలో పెడుతూ.

శాస్త్రమూ దాదాపు అదే చెబుతుంది. ఫిల్ము మీద జెలటిన్ పొరలో వెండి లవణాల స్ఫటికాలుంటాయి. వెలుతురు తగిలినవి డెవలపర్‌లో నల్లబడతాయి. ఏళ్ల తరబడి వేడి, తేమ, ప్రకృతిలో ఉండే రేడియేషన్ తగిలి కొన్ని స్ఫటికాలు వెలుతురు చూడకుండానే నల్లబడటానికి సిద్ధమైపోతాయి. దాంతో నెగెటివ్ అంతా పొగమంచు కమ్మినట్టు బూడిద రంగు పరుచుకుంటుంది. ఫిల్ము స్పీడు తగ్గుతుంది. అందుకే పదేళ్లకొక స్టాపు చొప్పున ఎక్కువ వెలుతురు ఇవ్వాలని ఫొటోగ్రాఫర్లు ఓ లెక్క పెట్టుకున్నారు. వంద స్పీడు ఫిల్ముకు మిట్టమధ్యాహ్నం ఎండలో 125 షట్టర్, 16 అపెర్చర్ పెడతామనుకుందాం. ముప్పయ్యేళ్లు ముదిరితే అపెర్చర్ 5.6 దాకా తెరవాలి. అయితే ఇది లెక్కే గానీ హామీ కాదు. ఫ్రిజ్‌లో ఉన్న రీలు ఒకలా, రేకుల షెడ్డులో మగ్గిన రీలు ఇంకోలా ఉంటుంది. బ్లాక్ అండ్ వైట్ కాస్త గట్టిది. కలర్ ఫిల్ములో ఒక్కో రంగు పొర ఒక్కో తీరున దెబ్బతింటుంది గనక ఆకాశం ఊదా రంగులో, మనుషులు ఆకుపచ్చగా వచ్చినా ఆశ్చర్యం లేదు. సరదా కోసమే అలాంటివి వెతికి కొనుక్కునేవాళ్లు ఇప్పుడు ఎందరో!

నా దగ్గరున్నవి మొత్తం మూడు. ఒకటి ఇంటి దగ్గరే వాడి చూశాను. మసకగానైనా బొమ్మ వచ్చింది. ఆ ధైర్యంతోనే మిగతా రెండూ బయల్దేరాయి.

సికింద్రాబాద్ నుంచి త్రివేండ్రం వెళ్లే శబరి ఎక్స్‌ప్రెస్‌లో కోయంబత్తూరు దాకా, అక్కణ్నుంచి మేట్టుపాళయం, పొద్దున్నే చిన్నరైలు. 46 కిలోమీటర్లకు దాదాపు ఐదు గంటలు. 208 మలుపులు, 250 వంతెనలు, 16 సొరంగాలు. కూనూరు దాకా 1899లో, ఊటీ దాకా 1908లో వేసిన దారి. 2005లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. కల్లార్ దాటాక పట్టాల నడుమ పళ్ల పట్టీ మొదలవుతుంది. ఇంజిను ముందుండి లాగదు, వెనక నుంచి నెడుతుంది. మా పెట్టెలో అందరి ఫోన్లూ కిటికీ బయటే ఉన్నాయి. ఒళ్లో కెమెరా పెట్టుకుని ఊరికే కూర్చున్న నన్ను చూసి ఓ చిన్నపిల్ల, “అంకుల్, మీది పాడైపోయిందా?” అని హిందీలో అడిగింది.

పాడవలేదు. ఇరవై నాలుగే ఉన్నప్పుడు కనిపించిన ప్రతి లోయకూ ఒకటి ఖర్చు పెట్టలేం కదా. హిల్‌గ్రోవ్‌లో ఇంజిను నీళ్లు తాగుతున్నప్పుడు ఒకటి తీశాను. కూనూరులో ఆవిరి ఇంజిను తప్పించి డీజిలు తగిలించేటప్పుడు ఇంకొకటి. అంతే. మిగతా దారంతా చూస్తూ కూర్చున్నాను. కేత్తి స్టేషన్ రాగానే మాత్రం చెయ్యి ఆగలేదు. ‘వసంత కోకిల’ చివరి సన్నివేశం గుర్తుంది కదూ? కమల్‌హాసన్ కోతిలా గంతులు వేస్తుంటే శ్రీదేవి రైలెక్కి వెళ్లిపోయేది ఇక్కడి నుంచే. ఆ చిత్రాన్ని తీసిన బాలూ మహేంద్రే మన ‘శంకరాభరణం’కి ఛాయాగ్రాహకుడు. అలాంటి చోట ఒక్క ఫొటో తీయకుండా ఎలా ఊరుకుంటాం!

ఊటీలో దిగాక సరస్సు వైపు వెళ్లలేదు. గూడలూరు రోడ్డు పట్టుకుని ఇందునగర్ వెళ్లాను. యాత్రికుల బస్సులు అక్కడ ఆగవు, ఆగడానికి ఏమీ లేదు కూడా. ఈ కర్మాగారం నుంచి ఆస్పత్రులకు ఎక్స్‌రే ఫిల్ములు, సినిమావాళ్లకు బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము, స్టూడియోలకు పేపరు వెళ్లాయి. మన ఇళ్లలో తాతల ఫొటోల్లో ఎన్ని ఈ కొండ మీది కాగితం మీద అచ్చయ్యాయో! జనం కలర్‌కి మళ్లారు. 1991 తర్వాత విదేశీ ఫిల్ము తేలిగ్గా రావడం మొదలైంది. విస్తరణకు తెచ్చిన అప్పులు మీద పడ్డాయి. 1996లో ఖాయిలా పరిశ్రమ అన్నారు. ఆపైన డిజిటల్ రానే వచ్చింది. మిగిలినవాళ్లు స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని బయటికొచ్చారు. డిజిటల్ ఒక్కటే దీన్ని చంపిందంటే నేను ఒప్పుకోను. అది వచ్చేసరికే సంస్థ మంచాన పడింది.

రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర బల్ల మీద కెమెరా, రీలు డబ్బా పెట్టి టీ చెప్పాను. మఫ్లర్ చుట్టుకున్న ఓ పెద్దాయన డబ్బా వంకే చూస్తున్నారు. అడగకుండానే తీసి, తిప్పి, అంకెలు చదివారు. “ఇది మాదే” అన్నారు. కోయంబత్తూరు వైపు చాలా కుటుంబాల్లాగే ఇంట్లో తెలుగే, కాస్త అరవ యాసతో. ఆ ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు పనిచేశారట.

“దీంతో ఇంకా ఫొటో వస్తుందా సార్?”

“రావచ్చు. చెప్పలేం.”

“నాదొకటి తియ్యండి మరి. మేం చేసింది మంచిదో కాదో తెలుస్తుంది.”

అప్పటికి రెండో రీలులో ఐదే మిగిలాయి. ఆయన మఫ్లర్ తీసి మడిచి జేబులో పెట్టుకుని, తల దువ్వుకుని యూకలిప్టస్ చెట్టుకు ఆనుకుని నిలబడ్డారు. మంచు దిగుతోంది, వెలుతురు పడిపోయింది. అపెర్చర్ పూర్తిగా తెరిచి, షట్టర్ అర సెకనుకు పెట్టి కెమెరా బల్ల మీద ఆనించాను. “కదలకండి” అంటే ఊపిరి కూడా బిగబట్టారు. ఒకటి చాలదనిపించి రెండు తీశాను. చిరునామా రాసిచ్చి, “రాకపోతే రాలేదని కార్డు ముక్క రాయండి. ఊరికే వదిలేయకండి” అన్నారు.

ఇంటికొచ్చాక బాత్‌రూమ్ కిటికీకి దుప్పటి కట్టి నేనే కడిగాను. పొగమంచు తగ్గడానికి డెవలపర్‌లో చిటికెడు పొటాషియం బ్రోమైడ్ కలిపాను. హైపోలోంచి తీసి దీపం వెలిగించినప్పుడు మొదటి రీలు ఇంచుమించు బూడిద ముద్ద. హిల్‌గ్రోవ్ లేదు. కూనూరు ఇంజిను చిమ్నీ ఒక్కటే లీలగా ఉంది. రెండో రీలు నయం. కేత్తి ప్లాట్‌ఫారం మీద మంచు ఏదో, ఫిల్ము వయసు ఏదో విడదీయలేనట్టు వచ్చింది. పెద్దాయన మొదటి ఫొటోలో మొహం చెదిరింది. రెండోది నిలిచింది. కళ్లు, దువ్విన జుట్టు, జేబులోంచి కనిపిస్తున్న మఫ్లర్ కొస, అన్నీ! ఇలాంటి రీళ్లకు వెనక అంటి ఉండే కాగితం మీది అంకెలు, ఏళ్ల తరబడి రాసుకుని ఫిల్ము మీదే అచ్చుపడిపోతుంటాయి. ఆయన భుజం పక్కన ఆకాశంలో 9 అంకె, దాని కింద మూడు చుక్కలు. ప్రింట్లో వాటిని చెరపలేదు. అలాగే వేసి పంపాను.

మీకూ సరదా ఉంటే అటక మీద చూడండి. తాతగారి ఆగ్ఫా క్లిక్ త్రీయో, నాన్నగారి కోడక్ కేబీ10నో దొరకొచ్చు. లోపల సగం వాడిన రీలుంటే వెనక మూత తెరవకండి. చుట్టేసి, బ్లాక్ అండ్ వైట్ కడగడం తెలిసినవాళ్లకే ఇవ్వండి. కొత్త రీళ్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి, ఖరీదు మాత్రం ఎక్కువే. పాతవి కొంటే ఒకే పెట్టెలోవి రెండు మూడు తీసుకుని ఒకటి పరీక్షకు కేటాయించండి. తిరిగి దొరకని సందర్భానికి, పెళ్లికీ పేరంటానికీ, వీటిని నమ్ముకోవద్దు. ఇక ఊటీకి సొంత కారులో వెళ్లేవాళ్లకు 2024 మే నుంచి ఈ-పాస్ పెట్టారు. చిన్నరైలుకైతే సీట్లు తక్కువ, టికెట్లు ముందే చేయించుకోవాలి. ఎండ కావాలంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉదయం పూట వెళ్లండి. మధ్యాహ్నం దాటితే మంచు ఎప్పుడు దిగుతుందో చెప్పలేం.